సాల్మన్ నీళ్ళ గిన్నె

మార్చి 22, శనివారం

ఇంట్లోకి కుందేలు వచ్చింది. హారిక పోరు పడలేక ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాక చూస్తే ఇంట్లో అందరికంటే అత్తమ్మకే సంబరం ఎక్కువగా ఉంది.

ఎదురింట్లో అద్దెకుండే కృపావరం అక్కకు కొమరోలు బదిలీ అయింది. నర్సు ఉద్యోగం, పొమ్మన్న చోటికి పోవాల్సిందే. అక్కడ చూసుకున్న ఇంట్లో ఓనరు కుక్కను పెంచుతున్నాడట. "లక్ష్మీ, దీన్ని హారికమ్మ చేతిలో పెట్టి పోతా. ఇంకెవరికీ ఇయ్యబుద్ధి కాలే" అంది. గోధుమరంగు కుందేలు, నుదుటి మీద తెల్లటి చార. పేరు సాల్మన్.

అత్తమ్మ గడప దగ్గరే ఆపింది. "కొత్త ప్రాణి ఇంట్లోకొస్తాంటే ఊరికే రానిస్తారా ఎవరన్నా" అంటూ ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీసింది, నుదుటన కుంకుమ పెట్టింది. అది తుమ్మింది. దుకాణానికి బయల్దేరుతున్న మామయ్య కూడా నవ్వి, చెప్పులు విడిచి వెనక్కి వచ్చి చూసి పోయారు.

కృపావరం అక్క వరండాలోనే నిలబడి జాగ్రత్తలు చెప్పింది. స్నానం చేయించకూడదు. అన్నం, మిఠాయి పెట్టకూడదు. ఇరవై నాలుగ్గంటలూ గిన్నెలో నీళ్ళుండాలి. గిన్నె కూడా తనే తెచ్చింది, అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె. దాని గురించి ఏదో చెప్పబోయింది గానీ సామాన్ల వ్యాను వాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. టీ ఇచ్చాను. పేపర్ గ్లాసులో ఇచ్చాను. సామాన్లు మోసే వాళ్ళు కూడా ఉన్నారు కదా, అందరికీ అదే.

గిన్నె మేడ మీద పెట్టేశాను. వాళ్ళు వాడిన గిన్నె వంటింట్లో తిరిగితే అత్తమ్మ ఒప్పుకోదు. దుకాణం నుంచి వేరేది తెప్పిస్తాను. మాది స్టీలు సామాన్ల దుకాణం, గిన్నెలకేం కొదవ.

మార్చి 23, ఆదివారం

పేరు మారింది. "సాల్మన్ ఏందే, నోరు తిరగదు. నామం పెట్టుకోని వచ్చినాడు చూడు. చెన్నయ్య అనండి" అంది అత్తమ్మ. నుదుటి చార ఆమెకు మా గుడి స్వామి పెట్టుకునే నామంలా కనిపించింది, పేరూ ఆ స్వామిదే. మా ఆయన రాఘవ సరేనన్నారు. ఇంట్లో ఏ విషయానికైనా ఆయన సరేనంటారు.

హారిక మాత్రం ఎవరూ లేనప్పుడు దాని చెవిలో "సాల్మన్" అంటోంది. ఆరో తరగతి పిల్ల, దానికెన్ని రహస్యాలో.

గిన్నె తెప్పించాలి.

మార్చి 27, గురువారం

ఈ రోజు ఒక మంచి సంగతి తెలిసింది. అత్తమ్మ కొత్తిమీర కాడలు తినిపిస్తూ చెప్పింది.

"చెవులపిల్లి నీళ్ళు తాగదు లక్ష్మీ. ఆకుల్లో ఉండే తడే దానికి చాలు. నీళ్ళు పెడితే కడుపుబ్బి పోతాది. మా పుట్టింటి కాడ అడివంచున ఎన్ని చూసినా. ఒక్కటన్నా నీళ్ళు తాగంగ చూసినోళ్ళు లేరు."

అత్తమ్మ పుట్టిల్లు పుల్లలచెరువు దగ్గర. అక్కడ మనుషులకే నీళ్ళు లేవు, చెవులపిల్లి ఎక్కడికి పోయి తాగుతుంది అని లోపల అనుకున్నాను. పైకి అనలేదు. నిజానికి ఆ మాట వినగానే ప్రాణం తేలిక పడింది. గిన్నె తెప్పించే పని తప్పింది కదా, అందుకే.

నేను గిద్దలూరులో బీఎస్సీ చదివాను, అందులో జువాలజీ ఉంది. అయినా పెద్దవాళ్ళు కళ్ళతో చూసి చెప్పేది కూడా చదువే.

మార్చి 30, ఆదివారం. ఉగాది

పచ్చడి కుదిరింది. బొబ్బట్లు విరిగాయి.

కృపావరం అక్క ఫోన్ చేసింది. పండగ శుభాకాంక్షలు చెప్పి, వెంటనే "నీళ్ళు మారుస్తాండావా లక్ష్మీ? ఎండలు ముదురుతాండాయి" అని అడిగింది.

"రోజూ మారుస్తాండా అక్కా" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో నోట్లోంచి.

ఏప్రిల్ 3, గురువారం

రాఘవకు గిన్నె సంగతి చెప్పడం మర్చిపోయాను. రేపు చెప్పాలి. తాగదనుకో, అయినా ఒకటి ఉంటే మంచిది.

ఏప్రిల్ 7, సోమవారం

మర్చిపోయాను.

ఏప్రిల్ 10, గురువారం

ఎండ మండిపోతోంది. కుళాయి రాలేదు, ట్యాంకరు కోసం వీధంతా బిందెలు వరసలో పెట్టి కూర్చున్నాం.

చెన్నయ్య మందకొడిగా ఉంది. గడ్డి సగం వదిలేస్తోంది. నేను హాల్లో బండలు తుడిచి లేచేసరికి వెనకే వచ్చి ఆ తడి నాకింది. ఒక బండ నాకి, పక్క బండ దగ్గరకు పోయి అదీ నాకింది. చల్లదనానికేమో.

హారిక చూసి, "అమ్మా, దానికి దప్పికయితాంది" అంది.

"చల్లగా ఉంటాదని నాకుతాందిలే, పో, చదువుకో" అన్నాను.

చల్లదనానికే అయివుంటుంది.

ఏప్రిల్ 14, సోమవారం

అంబేద్కర్ జయంతి, స్కూలుకు సెలవు. సెలవు లేకపోయుంటే బాగుండేది.

మధ్యాహ్నం హారిక తన టిఫిన్ బాక్సు మూతలో నీళ్ళు పోసి కుందేలుకు పెట్టింది. అది మూత వదలకుండా మొత్తం తాగేసిందట. కాసేపటికి పక్కకు ఒరిగి పడుకుంది. కాళ్ళు చాపేసింది, పిలిస్తే చెవి కూడా కదలలేదు. తడిసిన మూత పక్కనే ఉంది.

అత్తమ్మ భయపడిపోయింది. భయపడితే ఆమెకు కోపం వస్తుంది.

"నీళ్ళు పెట్టొద్దని చెప్పలేదా నేను? ఎవురు పెట్టమన్న్యారే నిన్ను?"

హారిక నా వైపు చూసింది. నేను పొయ్యి మీద పాలు చూసుకున్నాను. పాలు పొంగడానికి ఇంకా చాలా టైముంది.

"నేనే పెట్టినా జేజీ" అంది హారిక.

"నోరులేని జీవాన్ని చంపుతాండావు గదే. ఇంక దాన్ని ముట్టుకోబాక."

రాఘవ దుకాణం నుంచి వచ్చి, "చిన్నపిల్ల, తెలీక చేసింది లేమ్మా" అన్నారు. తెలీక చేసిందని ఆయనా తేల్చేశారు.

హారిక రాత్రి అన్నం తినలేదు. పక్కలో అటు తిరిగి పడుకుంది. "రేపు డాక్టరు దగ్గరికి తీసుకుపోతాలే" అన్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం

రాసి తీరాలి. ఎక్కడా చెప్పలేదు కాబట్టి ఇక్కడైనా రాయాలి.

పూలబుట్టలో పాత తువాలు పరిచి కుందేలును పడుకోబెట్టి, ఆటోలో పశువుల ఆసుపత్రికి పోయాను. ముందు రెండు మేకలు, ఒక దూడ. మా వంతు వచ్చాక డాక్టరు దాని మెడ మీద చర్మం పట్టి లాగి వదిలారు. చర్మం అలాగే నిలబడిపోయింది, వెనక్కి పోలేదు.

"నీళ్ళు ఎప్పుడు తాగింది?"

"నిన్న మధ్యాహ్నం. మా పాప కొంచెం పెట్టింది సార్. అప్పటి నుంచే ఇట్ల పడిపోయింది."

"అంతకు ముందు?"

నేను బుట్టలో తువాలు సర్దాను.

"అంతకు ముందెప్పుడు తాగిందమ్మా?"

"కుందేళ్ళు నీళ్ళు తాగకూడదు అంటారు కదా సార్."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. సూది మందు ఎక్కించుకుంటూ తల ఊపారు. "ఊరంతా ఇదే మాట. గేదెకు పెడతారు, మేకకు పెడతారు, వీధికుక్కకు పెడతారు. దీనికే ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. ఈ ఎండల్లో నీళ్ళు లేకుండా పేగులు ఎండిపోయినాయమ్మా. ఇది పడిపోయింది నీళ్ళు తాగినందుకు కాదు, ఇన్నాళ్ళు తాగనందుకు. మీ పాప నిన్న ఆ కాసిని పెట్టింది కాబట్టి ఈ రోజు ప్రాణంతో తెచ్చినారు. లేకుంటే నాతో మీకు పనే లేదు."

సెలైన్ చర్మం కిందికి ఎక్కించారు. సూది లేని సిరంజి ఇచ్చి, గంటగంటకూ నోట్లో నీళ్ళు పట్టమన్నారు.

ఆటోలో వచ్చేటప్పుడు అంతా అనుకుంటూ వచ్చాను. గడప దాటగానే హారికను దగ్గరకు తీసుకుని, అత్తమ్మ ముందే, డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పేస్తాను అని.

అత్తమ్మ వరండాలోనే ఎదురొచ్చింది. "ఏమన్న్యాడు?"

"వేడి చేసిందన్నాడు. మందిచ్చినాడు."

"పిల్ల నీళ్ళు పెట్టిందని చెప్పినావా?"

"చెప్పినా."

"తిట్టింటాడు."

ఊ అన్నాను. అన్నానో లేదో గుర్తు లేదని రాయబోయాను. గుర్తుంది. అన్నాను. తలుపు వెనక హారిక ఉంది.

చెబితే ఒక్క నీళ్ళ మాటతో ఆగదు. కృపావరం గిన్నె ఇచ్చింది కదా, అదేమైంది అని అడుగుతారు. అందుకే చెప్పలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

బాత్రూములో తలుపు వేసుకుని సిరంజితో నీళ్ళు పడుతున్నాను. మందు పడుతున్నానని అందరికీ చెప్పాను. అది ముందుకాళ్ళు రెండూ వేసి సిరంజిని పట్టుకుంటుంది. అంత ఆత్రం.

బయటకు వచ్చేసరికి హారిక దూరంగా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నేను అడక్కుండానే, "నేను ముట్టుకోలేదమ్మా" అంది.

ఏప్రిల్ 17, గురువారం

లేచి కూర్చుంది. కాస్త గరిక తింది. ముఖ్యం అది బతకడం కదా. బతికాక ఎవరి వల్ల అన్నది ఎవరికి కావాలి.

హారిక బడికి వెళుతూ గుమ్మం దగ్గర నుంచే దాన్ని చూసి పోయింది. అత్తమ్మ, "మందు బాగా పనిచేసింది లక్ష్మీ, మంచి డాక్టరు" అంటోంది. సిరంజిలో ఉన్నది మా ఇంటి కుండలో నీళ్ళు.

ఏప్రిల్ 18, శుక్రవారం

కృపావరం అక్క నుంచి మెసేజ్. ఈస్టర్ ఆరాధనకు ఇక్కడి పాత చర్చికి వస్తోందట, ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి సాల్మన్‌ను చూసి పోతుందట. పువ్వుల బొమ్మ కూడా పెట్టింది.

సాయంత్రం బట్టలు తేవడానికి పోతుంటే మెట్ల కింద హారిక గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతోందనుకున్నాను. ఎవరూ లేరు. గోడతో మాట్లాడుతోంది.

"సారీ కృపత్తా. నేను నీళ్ళు పెట్టినా. సాల్మన్‌కు బాగలేకుండ అయింది. నాదే తప్పు." ఆగింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రెండోసారి "నాదే తప్పు" అని రెండుసార్లు అంది.

నీళ్ళు పెట్టమని చెప్పిన మనిషికే, నీళ్ళు పెట్టినందుకు సారీ చెప్పడానికి నా కూతురు తయారవుతోంది. నేను బట్టలు తేకుండానే కిందికి దిగి వచ్చేశాను.

ఎంత చిన్నదాన్నైపోయాను.

ఏప్రిల్ 19, శనివారం

చెప్పాను.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నాక చెప్పాను. మామయ్య, రాఘవ, అత్తమ్మ, హారిక. వడ్డిస్తూ చెప్పాను, కూర్చుంటే నోరు రాదని. డాక్టరు అన్నమాట అన్నట్టే చెప్పాను. హారిక పెట్టిన నీళ్ళ వల్లే అది బతికిందని చెప్పాను. మంగళవారం నుంచి నేను పడుతున్న మందు నీళ్ళేనని చెప్పాను. కృపావరం గిన్నె ఇచ్చి మరీ నీళ్ళు పెట్టమన్నదని, ఆ గిన్నెను వచ్చిన రోజే మేడ మీదికి చేర్చానని కూడా చెప్పాను.

అత్తమ్మ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. మొదట హారికను చూసింది. "ఇట్ల రాయే" అని ఎడం చేత్తో దగ్గరకు లాక్కుని తల నిమిరింది. "జేజికి తెల్వక అరిచినా. నీ చెయ్యే దాన్ని నిలబెట్టింది."

తర్వాత నా వైపు తిరిగింది.

"నీళ్ళు తాగదన్న మాట నాది. ఆ తప్పు నాది, ఒప్పుకుంటా. గిన్నె తియ్యమని నేనెప్పుడన్నా?"

"మీరు అనలేదు అత్తమ్మా."

"మరి?"

"ఏమన్నా అంటారేమోనని."

"నేను అనకముందే నేనన్నట్టు చేసినావు." కంచం పక్కకు జరిపి, మెల్లగా అంది. "అనిందునేమో లక్ష్మీ. ఆ పొద్దు చూసింటే ఏమందునో నాకూ తెల్వదు. అనే దాకన్నా ఆగింటే బాగుండె."

ఇది రాయబోతూ మార్చి 22 పేజీ తిప్పి చూశాను. అత్తమ్మ ఒప్పుకోదు అని రాసి ఉంది. ఆమె అప్పటికి ఆ గిన్నెను చూడనే లేదు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, మెట్లెక్కి, నీళ్ళ ట్యాంకు వెనక పెట్టింది నేను. ఒప్పుకోనిది నేను. అత్తమ్మ మోకాళ్ళకు రోజూ వచ్చి సూది వేసిన మనిషి కృపావరం అక్క. ఆ చెయ్యి మాకు పనికొచ్చింది.

భోజనాలయ్యాక హారిక వంటింట్లోకి వచ్చింది. "నన్ను క్షమించమ్మా" అన్నాను. నా కూతుర్ని నేను అమ్మా అనే పిలుస్తాను, అయినా ఈ రోజు ఆ మాటకు నోరు తడబడింది.

"నువ్వు గిన్నె తీస్కపోతాంటే చూసినా" అంది.

"ఎప్పుడు?"

"అది వచ్చినప్పుడే. మెట్ల మీద నీ వెనకాలే ఉన్న్యా."

"మరి జేజి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే జేజి నిన్ను తిడతాది గదా." కొంగు పట్టుకుని తిప్పుతోంది. "నువ్వే చెప్తావు అనుకున్న్యా. డాక్టరు కాడి నుంచి వచ్చినాక చెప్తావు అనుకున్న్యా."

అంతే. కుందేలు దగ్గరకు పోయి, వాళ్ళ జేజి ఒడిలోంచి దాన్ని తీసుకుని ఎత్తుకుంది.

ఇన్ని రోజులు నా కోసం తిట్లు తింటూ, నేను ఎప్పుడు నోరు తెరుస్తానా అని చూసింది. ఇది ఎలా మోయాలో నాకు తెలియడం లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం. ఈస్టర్

పొద్దున్నే మేడ మీదికి పోయి గిన్నె తెచ్చాను. ట్యాంకు వెనక దుమ్ము కొట్టుకుపోయి ఉంది. తోమి, నీళ్ళు పోసి, హాల్లో కుందేలు ముందు పెట్టాను. అది మూతి ముంచి తాగుతుంటే అందరం నిలబడి చూశాం.

కృపావరం అక్క తెల్లచీర కట్టుకుని వచ్చింది, చేతిలో కేకు డబ్బా. అలవాటు ప్రకారం వరండాలో ఆగింది. అత్తమ్మ, "లోపలికి రా కృపా, అది లోపలుంది" అంది. వచ్చి సోఫా అంచున కూర్చుంది. నేను గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. మేం తాగే స్టీలు గ్లాసు.

ఆమె గ్లాసును చూసింది, నన్ను చూసింది. "పేపర్ గ్లాసులు అయిపోయినాయా లక్ష్మీ?" అంది. ఎత్తిపొడుపేమీ లేదు, మామూలుగానే అడిగింది. అన్నీ ఆమెకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

హారిక సారీ చెప్పబోయింది. ఆపి నేనే చెప్పాను, ఫోన్‌లో ఆడిన అబద్ధంతో సహా అన్నీ. ఒక్కటి మాత్రం మార్చాను. "గిన్నె ఎక్కడో పెట్టి మర్చిపోయినా అక్కా" అన్నాను. నిన్న అందరి ముందూ ఒప్పుకున్న దాన్నే ఈ రోజు ఆమె ముందు ఒప్పుకోలేకపోయాను. హారిక తల దించుకుంది.

కృపావరం అక్క కుందేలును ఒళ్ళోకి తీసుకుని, మెడ మీద చర్మం పట్టి చూసింది. "తేరుకున్న్యాడులే" అంది. తర్వాత వంగి గిన్నె తీసి, నీళ్ళు పక్కనున్న మొక్క కుండీలో ఒంపి, బోర్లా తిప్పి నా చేతికిచ్చింది.

అడుగున స్టిక్కర్ ఉంది. పొద్దున్నే తోమాను గానీ లోపలే తోమాను. మేడ మీది వేడికి వెలిసినా అక్షరాలు తెలుస్తున్నాయి. మా దుకాణం పేరు, కింద మామయ్య పేరు.

"మేము వాడింది కాదు లక్ష్మీ. దాని పాత గిన్నె మట్టిది, పగలగొట్టేసినా. ఇది వచ్చే ముందు రోజు మీ దుకాణంలోనే కొన్న్యా. రాఘవే ఇచ్చినాడు. మీ దుకాణం గిన్నె అయితే మీ ఇంట్లో పెడతారులే అనుకున్న్యా. ఆ పొద్దు అదే చెప్దామనుకుంటి, వ్యానోడు తొందర చేసినాడు."

రాఘవ ఎటో చూస్తున్నారు.

"అది మర్చిపోయి కాదు అక్కా. నేనే తీసి మేడ మీద పెట్టినా" అన్నాను.

"తెలుసులేమ్మా" అంది. గ్లాసెత్తి నీళ్ళు తాగింది.

ఏప్రిల్ 21, సోమవారం

స్టిక్కర్ గీకేద్దామా అని రాఘవ అడిగారు. వద్దన్నాను. గిన్నె కడిగినప్పుడల్లా తిప్పి చూడాలి నేను.

అత్తమ్మ కొత్తిమీర పట్టుకుని "సాల్మనూ, సాల్మనూ" అని పిలుస్తోంది. నోరు బాగానే తిరుగుతోంది.

హారిక ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నీళ్ళు మాత్రం అదే మారుస్తోంది.